గానుగ లెక్క, చమురు లెక్క

చిత్తూరు జిల్లా పల్లెలలో పెద్దలు నేటికిని కిరసనాయిలును సీమనూనె యనియే పిలుతురు. సీమచింత, సీమసున్నము వలెనే ఇదియు ఓడ దాటి వచ్చిన సరకు. పేరులోనే దాని చరిత్ర సగము చెప్పబడినది. మన గానుగలో ఆడించుకొన్న నూనె కాదు. ఎచ్చటనో త్రవ్వి, మరెచ్చటనో కాచి వడబోసి, ఎవరో కట్టిన ధరకు మన గుమ్మము ముందుకు తెచ్చి దింపినది.

ముడిచమురు పీపా యొక్కటికి ఇన్ని డాలర్లని దినదినము వార్తలలో వినుచునే యున్నాము. చదువువారమును మేమే. కాని ముడిచమురును ఇంటిలో ఎవ్వరును దీపమునకు పోయరు, బండికిని పోయరు. మనము కొనునది శుద్ధియైన సరకు. ముడిచమురు ధరకును శుద్ధియైన సరకు ధరకును నడుమ ఒక మిగులు కలదు. వర్తకులు దానిని రిఫైనింగు మార్జిన్ అందురు. ఆ నడిమి మిగులు ఎవరి చేతిలో నుండవలె నన్నదే నూరేండ్లకు పైబడి కంపెనీలకును ప్రభుత్వములకును నడచిన తగవు. ఆ తగవులో తెలుగుదేశమునకును ఒక పాత్ర యున్నది. అందు ముఖ్యస్థానము విశాఖపట్టణము.

ముందుగా గానుగ లెక్క చూతము. పీలేరు ప్రక్కనో పుంగనూరు ప్రక్కనో నున్న యొక గానుగవానిని తలచుకొనుడు. అతడు శనక్కాయలు కొనును. నూనె అమ్మును, చెక్క అమ్మును. ఎద్దుల మేతకు, కూలికి పోగా మిగిలినది అతని లాభము. నూనె ధర హెచ్చినదని అతడు సంతోషింపడు. కాయల ధర అంతకన్న హెచ్చినచో అతనికి నష్టమే. నూనె ధర తగ్గినదని దుఃఖింపడు; కాయలు ఇంకను చౌకగా దొరకినచో అతడే ధన్యుడు. ఇంకొక సంగతి: చెక్క రాకుండ నూనె మాత్రము తీయుట అతనికి సాధ్యము కాదు. ఆ యేడు పశువులకు చెక్క కొనువారు లేకపోయినచో, ఆ నష్టము నూనెమీదనే పడును.

చమురు శుద్ధిలోను ఇంతే. ముడిచమురును కాచినప్పుడు పెట్రోలు, నాఫ్తా, కిరసనాయిలు, డీజిలు, ఫర్నేసు నూనె, అడుగున రోడ్లకు వేయు తారు అన్నియు ఒక్క కాగులోనుండియే వచ్చును. ఏది ఎంత వచ్చునో ముడిచమురు జాతిని బట్టియు, యంత్రముల నేర్పును బట్టియు ఉండును. మనకు వలసినది మాత్రమే రమ్మనిన రాదు. 1859లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో డ్రేక్ బావి త్రవ్విన నాటినుండి చాలకాలము దీపపు నూనెయే అసలు సరకు. పెట్రోలు పనికిమాలినదని పారబోసిరి. మోటారుబండి వచ్చిన తరువాతగాని ఆ పారబోసినది బంగారము కాలేదు.

సీమనూనె తూర్పుదేశములకు మొదట అమెరికానుండి తగరపు డబ్బాలలో వచ్చెను. 1892లో లండను వర్తకుడు మార్కస్ సామ్యుయెల్ రష్యా కిరసనాయిలును ఓడ గర్భముననే నింపి సూయెజు కాలువ దాటించెను. డబ్బాల ఖర్చు తప్పినది గనుక ధర చౌకయగును, జనులు ఎగబడుదురని అతని యూహ. జనులు ఎగబడలేదు. విచారింపగా తేలినదేమనగా, తూర్పుదేశపు గృహస్థులకు నూనె ఎంత ప్రియమో ఖాళీ డబ్బాయు అంత ప్రియమే. పాత్రలు చేతురు, ఇంటి కప్పులు వేతురు, నీళ్లు మోతురు. సామ్యుయెల్ వెంటనే డబ్బాలు చేయించి ఎర్రరంగు పూయించి, అందు నూనె నింపి అమ్మవలసి వచ్చెను. ఆ వర్తకమే తరువాత షెల్ కంపెనీ యయ్యెను. లోకములో గిరాకీ ఇంత పెరుగును, అంత తరుగునని లెక్కలు వేయు నేటి పండితులకు ఈ డబ్బా కథ ఒక్కసారి చెప్పవలయునని మాకు తోచును. మన వీధులలోను రెండు సీమనూనె డబ్బాలు కావడికి కట్టి నీళ్లు మోయుట ఎందరో చూచినదే.

1886లో స్థాపితమైన బర్మా ఆయిల్ కంపెనీ రంగూను దగ్గరి సిరియం కర్మాగారమునుండి కిరసనాయిలు పంపసాగెను. బర్మా అప్పుడు బ్రిటిషు ఇండియాలోని భాగమే. దిగుమతి సుంకము లేదు, దూరమును తక్కువ. అయినను ఆ నూనె మనకు చౌకగా దొరకలేదు. అమెరికానుండి వచ్చు నూనెకు ఏ ధరయో, దగ్గరనుండి వచ్చినదానికిని ఇంచుమించు ఆ ధరయే కట్టిరి. 1905లో బర్మా ఆయిల్ కంపెనీయు, షెల్ పక్షమువారైన ఏషియాటిక్ కంపెనీయు ఒడంబడిక చేసికొని విపణిని పంచుకొనిరి. నడిమి మిగులు ఆ యిరువురి పెట్టెలో పడుచుండెను.

ఒక్కసారి మాత్రము వారి కట్టు తెగినది. 1927లో న్యూయార్కు స్టాండర్డు కంపెనీ సోవియట్ రష్యానుండి కిరసనాయిలు కొని ఇండియాలో అమ్మ నారంభించెను. బాకూలో తన ఆస్తులు సోవియట్లు లాగుకొన్నారని షెల్ అధిపతి డిటర్డింగు మండిపడి ధరలు తెగ్గొట్టెను. అమెరికావారును తగ్గించిరి. దేశమంతట కిరసనాయిలు ధర పడిపోయినది. కంపెనీల కోపము మన దీపములకు నూనె యయినది. 1928లో రాజీ కుదిరినది, బర్మా-షెల్ అను ఉమ్మడి విక్రయసంస్థ వెలసినది, ధరలును మరల తమ స్థానమునకు చేరినవి.

రెండవ ప్రపంచయుద్ధములో ఈ యేర్పాటంతయు ఒక్క నెలలో కూలెను. 1942 మార్చిలో జపానువారు రంగూనును సమీపించగా, వారి చేతికి చిక్కకుండుటకై సిరియం కర్మాగారమును దానివారే ధ్వంసము చేసిరి. ఏప్రిలు 6వ తేదీన విశాఖపట్టణముపై బాంబులు పడెను. కిరసనాయిలుకు రేషను, పెట్రోలుకు రేషను. వెనుక బొగ్గుకొలిమి తగిలించుకొని ఆ వాయువుతో నడచు బస్సులు బయలుదేరినవి. ఎగువ వచ్చినప్పుడు ప్రయాణికులు దిగి త్రోయవలసి వచ్చెడిదని పెద్దలు చెప్పుచుందురు. చిత్రమేమనగా, తిరుమల మొదటి ఘాటురోడ్డు తెరవబడినది ఆ కరవుకాలముననే, 1944 ఏప్రిలులో. అంతవరకు అలిపిరి మెట్లెక్కియో, డోలీ నెక్కియో స్వామిని దర్శించినవారు ఆపై మోటారులో కొండకు పోవ నారంభించిరి. చమురులేని దినములలో చమురుబాట వేసినారు. గిరాకీ ఆ విధముగ ముందుగా బాట వేసికొని కూర్చుండును.

యుద్ధానంతరము మనకు శుద్ధియైన సరకు హెచ్చుగా ఇరానులోని ఆబదాను కర్మాగారమునుండి వచ్చుచుండెను. 1951లో ఇరాను తన చమురును జాతీయము చేసికొనగా ఆబదాను మూతబడెను. సొంత కర్మాగారములు లేనిదే గతి లేదని ఢిల్లీవారికి అప్పుడు తెలిసినది. అస్సాములోని డిగ్బోయి తప్ప స్వతంత్ర భారతమున చెప్పదగిన కర్మాగారము లేదు. స్టాన్‌వాక్, బర్మా-షెల్ కంపెనీలతో బొంబాయికిని, కాల్టెక్సుతో విశాఖకును ఒడంబడికలు జరిగెను. బొంబాయివి 1954, 1955 సంవత్సరములలో పని ప్రారంభించెను. విశాఖ కర్మాగారము ఏడాదికి 6,75,000 టన్నుల శక్తితో 1957లో నడకకు వచ్చెను. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి అప్పటికి ఏడాది. మన రేవులో మన చమురు కాగు పొగ లేచినదని తెలుగువారు సంతోషించిరి.

ఆ ఒడంబడికలలోని షరతులను నిదానముగా చదువవలెను. ఇరువదియైదేండ్లవరకు జాతీయము చేయమని ప్రభుత్వము మాట ఇచ్చినది. ముడిచమురు ఎచ్చట కొనవలెనో కంపెనీ యిష్టము. శుద్ధియైన సరకును, అది విదేశమునుండి ఓడలో దిగుమతియైనచో ఎంత ధర యగునో అంతకు అమ్ముకొనవచ్చును. అనగా విశాఖలో కాచిన కిరసనాయిలుకు, పారశీక సింధుశాఖనుండి కాచిన సరకు వచ్చినట్లే ఓడకూలి కట్టుట! ఇక ముడిచమురు సంగతి: కాల్టెక్సు కంపెనీ అమెరికాలోని కాలిఫోర్నియా స్టాండర్డు, టెక్సస్ కంపెనీల బిడ్డ. ఆ తల్లుల బావులు అరేబియాలో నున్నవి. తల్లి చెప్పిన ధరకు బిడ్డ కొనును. ఆ ధర హెచ్చుగా నుంచినచో విశాఖ లెక్కలలో మిగులు కొంచెమే కనబడును. అసలు లాభము బావి దగ్గరనే నిలిచిపోవును. మన గానుగవాడు కాయలను తన మామగారి దుకాణములో ఆయన చెప్పిన ధరకు కొని, "నాకేమియు మిగులలే"దని ఊరివారితో చెప్పినట్లు.

1960లో ఈ ముడి విప్పుటకు అవకాశము వచ్చెను. సోవియట్ ప్రభుత్వము తన ముడిచమురును నాటి ధరకన్న చౌకగా, రూపాయలకే ఇచ్చెదననెను. నాటి చమురు మంత్రి కేశవదేవ మాలవీయ ఆ చమురును కాచి ఇండని మూడు కంపెనీలను అడిగెను. మూడును నిరాకరించెను. కాగులు మన గడ్డమీద నున్నవి, కట్టెపుల్ల కదిలించుటకు మనకు అధికారము లేదు. అయినను ఆ బేరము వ్యర్థము కాలేదు. చౌకచమురు పేరు వినబడగానే కంపెనీలు తమ ముడిచమురుపై కొంత తగ్గింపు ఇచ్చినవి. ప్రభుత్వమువారు 1959లో స్థాపించిన ఇండియన్ ఆయిల్ కంపెనీ ద్వారా సోవియట్ డీజిలు, కిరసనాయిలు దిగుమతి చేయించిరి. 1961లో దామ్లే సంఘము ధరల లెక్కలను విప్పి, దిగుమతి ధరల పేర వసూలు చేయుచున్నదానిలో కొంత కోత విధించెను. ఆ 1960 సెప్టెంబరులోనే, కంపెనీలు తమను అడుగకయే ముడిచమురు ధర తగ్గించినవని ఆగ్రహించి, ఐదు దేశములు బాగ్దాదులో కూడి ఒపెక్ సంఘమును స్థాపించెను. నడిమివానిపై కోపము కొనువానికిని కలిగెను, అమ్మువానికిని కలిగెను.

గానుగవాని చెక్క సంగతి మరచితిమి. ఆ దినములలో మన దేశమునకు ముఖ్యముగా వలసినవి కిరసనాయిలు, డీజిలు. కార్లు కొద్ది. పెట్రోలు, నాఫ్తాలు మిగిలిపోవుచుండెను. పెట్రోలును తక్కువ ధరకు పైదేశములకు పంపవలసి వచ్చెను. విశాఖలో దీనికొక చక్కని మార్గము దొరకెను. కర్మాగారము ప్రక్కనే కోరమాండల్ ఎరువుల కర్మాగారము వెలసి 1967లో ఉత్పత్తి ప్రారంభించెను. నాఫ్తానుండి అమ్మోనియా, అమ్మోనియానుండి ఎరువు. కాగులోని అక్కరలేని సరకు వరిచేలకు బలమయినది. చమురు చరిత్రలో మాకు మిక్కిలి నచ్చిన ఘట్టములలో ఇదియొకటి.

చిత్తూరు సీమలో డీజిలు గిరాకీకి బావులే మూలము. ఇచ్చట జీవనది లేదు. స్వర్ణముఖి, బాహుదలు వాన పడిననాడు నదులు, తక్కిన దినములలో ఇసుక. రైతు కపిల తోలి బావినీరు తోడి చెరకు పండించి బెల్లము వండును. చెన్నపట్టణ ప్రభుత్వములో పనిచేసిన ఆల్ఫ్రెడ్ ఛాటర్టన్ ఇరువదవ శతాబ్ది మొదటనే ఆయిలింజనుతో నీరు తోడవచ్చునని ప్రయోగములు చేసి చూపెను. తరువాతి తరములలో ఆయిలింజను చప్పుడు కపిల పాటను మింగివేసినది. ఆ చప్పుడును కరెంటు మోటారు మింగినది. 1969లో మద్రాసు దగ్గర మణలిలో మరియొక కర్మాగారము, ఏడాదికి 25 లక్షల టన్నుల శక్తితో, ప్రారంభమయ్యెను. తిరుపతికి విశాఖకన్న ఇది చాల దగ్గర. ఇందులో నూటికి 74 వంతులు భారతప్రభుత్వముది. మిగిలిన భాగము ఇరాను జాతీయ చమురుసంస్థయు అమెరికావారి అమోకోయు సమముగ పంచుకొనెను. పదునెనిమిదేండ్ల క్రింద మన దీపములను ఆర్పిన ఇరానే మన కాగులో భాగస్వామి యయ్యెను.

1973 అక్టోబరు యుద్ధముతో ముడిచమురు పీపా మూడు డాలర్లనుండి కొద్ది నెలలలోనే పన్నెండింటికి చేరినది. ఇక ప్రభుత్వము ఆగలేదు. 1974లో ఎస్సో, 1976లో బర్మా-షెల్, ఆ యేడు చివరనే కాల్టెక్సు ప్రభుత్వపరమయ్యెను. 1978లో విశాఖ కర్మాగారము హిందుస్థాన్ పెట్రోలియములో కలిసెను. ఇరువదియైదేండ్ల మాట పూర్తిగా నిలువలేదు. కంపెనీలును అప్పటికి నష్టపరిహారము పుచ్చుకొని పోవుటకే ఇష్టపడినవి. తరువాత ప్రతి కర్మాగారమునకును దాని ఖర్చు ఖర్చుగా ఇచ్చి, పెట్టుబడిపై నూటికి 12 వంతులు లాభము కట్టియిచ్చు పద్ధతి వచ్చెను. న్యాయమైనదే. కాని గానుగవానికి కాయలెంత తరుగు పోయినను కూలి తప్పదనినచో అతడు రోకలి బిగించుకొనునా? పొదుపు నేర్పునట్టి పద్ధతి కాదది.

మా బాల్యము ఆ దినములలోనిదే. తిరుపతిలో చౌకధరల దుకాణము ముందు డబ్బా పట్టుకొని వరుసలో నిలిచినవారము. మా వీధిలోని దుకాణదారుడు లీటరు కొలతలో నురుగు తీయకుండ పోసెడివాడు; అడిగినచో రేపు రమ్మనెడివాడు. సాయంకాలము లాంతరు గాజును ముగ్గుపిండితో తుడుచుట పిల్లల పని. చౌక కిరసనాయిలును డీజిలులో కలిపి లారీలకు పోయుట పెద్ద వ్యాపారము కాగా, దానిని గుర్తుపట్టుటకు నీలిరంగు కలుపవలసి వచ్చెను. ధరల నడుమ ఎడము ఎక్కడ ఉన్నదో అక్కడికి ఎవడో ఒకడు చేరును. 1999లో దీపం పథకముతో పేద ఇండ్లకు గ్యాసు పొయ్యిలు రాసాగెను. ఇటీవలి కాలమున ఆంధ్రదేశపు చౌకధరల దుకాణములనుండి కిరసనాయిలు తొలగిపోయినది. నూటయేండ్ల పైబడి మన యింట వెలిగిన సీమనూనె ఎవరును గమనింపకయే వెడలిపోయినది.

2002 ఏప్రిలు 1న నిర్ణీతధరల పద్ధతి రద్దయ్యెను. పెట్రోలు ధర 2010 జూనులోను, డీజిలు ధర 2014 అక్టోబరులోను కట్టు వీడినవి. 2017 జూనునుండి దినదినము మారసాగినవి. కాగితముమీద వీడిన కట్టు అవసరమునుబట్టి మరల బిగియుట 2022లో చూచితిమి. ఉక్రెయిను యుద్ధముతో ఆ యేడు డీజిలుకు లోకమంతట కరవు కాగా శుద్ధి మిగులు ఎన్నడులేని ఎత్తునకు పోయెను. 2022-23లో హిందుస్థాన్ పెట్రోలియమునకు పీపా యొక్కటికి సగటున 12 డాలర్లకు పైబడి శుద్ధి మిగులు వచ్చినది. అదే సంవత్సరము ఆ సంస్థకు సుమారు తొమ్మిదివేల కోట్ల రూపాయల నష్టమును వచ్చినది! బంకులలో ధరలు ఏప్రిలు నెలనుండి హెచ్చింపకుండ నిలిపిరి. కాగు దగ్గర వచ్చిన లాభము బంకు దగ్గర పోయినది. 1957లో కంపెనీ లెక్కలలో మిగులు కనబడకుండ దాగినది. 2022లో అందరికిని కనబడుచునే కొనువాని పక్షమునకు మరలినది. 2024-25 నాటికి ఆ మిగులు పీపాకు ఆరు డాలర్ల లోపునకు దిగెను.

గిరాకీ సంగతియు అంతే నిలుకడలేనిది. 2020 మార్చినుండి జూనువరకు మహమ్మారి కారణమున తిరుమలలో భక్తులకు దర్శనము నిలిపివేయబడినప్పుడు ఘాటురోడ్డుమీద బస్సు లేదు, కారు లేదు. లోకమంతట అదే స్థితి. ఆ ఏప్రిలు 20న అమెరికా విపణిలో ముడిచమురు ధర సున్నకు దిగువకు, పీపాకు 37 డాలర్లు ఎదురిచ్చి వదలించుకొను స్థితికి పోయెను. ఇక చమురు యుగము ముగిసినదని వ్రాసినవారున్నారు. కొద్ది సంవత్సరములలోనే లోకపు వాడుక దినమునకు పదికోట్ల పీపాలు దాటి పోయినది.

ఇక ముందు ఏమగును? 2025లో అంతర్జాతీయ ఇంధనసంస్థ ఈ దశాబ్ది చివరకు గిరాకీ దినమునకు పదికోట్ల యాభై లక్షల పీపాల దరిదాపున ఆగిపోవుననెను. ఒపెక్ వారు 2050 నాటికి పన్నెండుకోట్లు దాటుననిరి. ఆ మధ్యనే మొదటి సంస్థ నవంబరులో, ప్రభుత్వముల నేటి విధానములు మారకున్నచో పెరుగుదల 2050 వరకు సాగవచ్చునని మరియొక లెక్కయు ప్రకటించెను. అమ్మువాని లెక్క ఒకటి, కొనువాని లెక్క ఒకటి. ఇరువురును అంగీకరించునది ఒక్కటే: రానున్న యేండ్లలో పెరుగుదలలో పెద్దభాగము భారతదేశముది. మన ముడిచమురులో నూటికి ఎనుబదియైదు వంతులకు పైగా నేటికిని ఓడలలో రావలసినదే.

అలిపిరినుండి తిరుమలకు 2022 సెప్టెంబరునుండి విద్యుత్తు బస్సులు నడచుచున్నవి. మదనపల్లె టమాటలు, చిత్తూరు మామిడికాయలు మోయు లారీలకు మాత్రము డీజిలే ప్రాణము. బండ్లు కరెంటుకు మరలుకొలది తగ్గునది ముందుగా పెట్రోలు. డీజిలు, విమానపు ఇంధనము తగ్గుటకు కాలము పట్టును. కాగులోనుండి అన్నియు కలిసియే వచ్చునని ముందే చెప్పుకొంటిమి గదా. అందుచేతనే విశాఖ కర్మాగారమును కోటిన్నర టన్నుల స్థాయికి పెంచినప్పుడు, అడుగున మిగులు చిక్కని మడ్డిని విరిచి డీజిలుగా మార్చు యంత్రములకు అంత ధనము వెచ్చించిరి. చెక్కలోనుండి మరల నూనె పిండుట అది. ఆ విశాఖలోనే 1997 సెప్టెంబరు 14న గ్యాసు అంటుకొని అనేకులు ప్రాణములు కోల్పోయిన సంగతి ఏ మిగులు లెక్కలోను చేరదు.

ఇప్పుడు తిరుపతికి పొరుగుననే మరియొక కాగు మాట వినబడుచున్నది. 2024 డిసెంబరులో భారత్ పెట్రోలియము ఆంధ్రతీరమున క్రొత్త కర్మాగారమునకు పూర్వసన్నాహముగా 6,100 కోట్ల రూపాయలు కేటాయించెను. రామాయపట్నము దానికి స్థానముగా చెప్పబడినది. శక్తి ఏడాదికి 90 లక్షలనుండి కోటి యిరువది లక్షల టన్నులు. అది పొయ్యి వెలిగించుకొనునాటికి, లోకపు గిరాకీ ఆగునని ఒక సంస్థ చెప్పిన కాలము వచ్చియుండును. అందుచేత అందులో పెట్రోలు, డీజిలులతోపాటు ప్లాస్టిక్కు ముడిసరకులు తీయు విభాగమును చేర్చినారు.